నడిచే రోల్ఫ్ ఊళ్ళో ఒక పూట

(పదవీ విరమణ చేసిన ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంటే ఒకటి ఆపేయండి, పర్వాలేదు.

బయట బోర్డు మీద "నార్వే యాత్రా విశేషాలు" అని రాశారు. అది చాలా పెద్ద మాటండీ. నేను నార్వే చూశానని చెప్పుకోలేను. ఓడలో పోతూ పోతూ నాలుగు ఊళ్ళలో దిగాను. మూడు ఊళ్ళ గురించి అడిగితే ఫొటోలు చూపిస్తాను తప్ప చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. కొండ, నీళ్ళు, జలపాతం, మళ్ళీ కొండ. నాలుగో ఊరు గురించి మాత్రం ఇంటికొచ్చి ఏడాదవుతున్నా మా ఆవిడని విసిగిస్తూనే ఉన్నాను. ఆ ఊరి పేరు ఓలెసుండ్. ఇంగ్లిషు 'ఏ' అక్షరం నెత్తిన చిన్న సున్నా పెట్టి రాస్తారు, 'ఓ' అని పలుకుతారు. నార్వే పడమటి తీరంలో, సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే దీవుల మీద కట్టిన ఊరు.

ఎందుకు ఆ ఊరే అంటే, నా ఉద్యోగం వల్ల. మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ సెక్షన్లో 31 ఏళ్ళు పనిచేశాను. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇంటి ప్లాన్ల మీద కొర్రీలు వేసినవాణ్ణి. (నవ్వులు) నవ్వుతున్నారంటే క్షమించేశారనే అనుకుంటాను. అలాంటివాడికి ఒక ఊరు మొత్తం ఒక్క రోజులో కాలిపోయి, మూడేళ్ళలో మళ్ళీ లేచిందని చెబితే, కాలు నిలుస్తుందా?

ముందు ఓడ సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే చివర్లో ఎలాగూ అదే అడుగుతారు. మా అమ్మాయీ అల్లుడూ ఇంగ్లండ్‌లో ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు సౌతాంప్టన్ రేవు నుంచి వారం రోజుల ఓడ ఎక్కించారు. బ్రిటన్ వీసా ఉంది కదా, ఓడలోంచి నాలుగు గంటలు దిగి ఎక్కడానికి ఇంకో వీసా ఎందుకని నేను వాదించాను. కావాలండీ. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల జట్టులో, ఉంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా విడిగా తీసుకోవాల్సిందే. అది లేకపోతే అసలు ఓడే ఎక్కనివ్వకపోవచ్చు. ఇది ముందు చూసుకోండి, టికెట్టు తర్వాత.

ఓడలో ప్రతి రాత్రీ మర్నాటి ఊరి కాగితం ఒకటి గదిలో పెడతారు. బస్సులో తిప్పి చూపిస్తాం, ఇంత అవుతుంది అని. ఆ లెక్క ఇద్దరికీ కలిపి రూపాయల్లోకి మార్చుకుంటే నాకు నిద్ర పట్టలేదు. అమ్మాయి అంది, "నాన్నా, ఓడ ఆగేది ఊరి నడిబొడ్డునే. దిగితే అదే ఊరు. బస్సు దేనికి, నడవండి" అని. నిజంగానే అంతే. గ్యాంగ్‌వే, అంటే ఓడకీ గట్టుకీ మధ్య వేసే వంతెన, దిగి, గేటు దాటి, ఐదు నిమిషాలు నడిస్తే బజారు. మన ఊళ్ళో స్టేషన్లో దిగినవాడు ఆటో బేరం తేలేలోపు అక్కడ మీరు ఊరి మధ్యకి వచ్చేసుంటారు.

అన్నట్టు, ఆ రాత్రి కాగితంలోనే ఇంకో వాక్యం ఉంది. గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకోండి, నార్వే టైం ఇంగ్లండ్ కంటే గంట ముందు అని. చదివాను. గుర్తు పెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాం.

దిగేసరికి చినుకులు. జూన్ నెల, కానీ మన సంక్రాంతి రోజుల తెల్లవారుజాము చలి. ఆ తీరంలో వాన లేని రోజు ఉంటే అది పండగే. గొడుగు తీశామో లేదో గాలికి వెనక్కి తిరిగిపోయింది. అక్కడివాళ్ళెవరి చేతిలోనూ గొడుగు లేదు, అందరూ టోపీ ఉన్న వాన కోట్లు వేసుకుని తిరుగుతున్నారు. అంత ఉత్తరాన ఉన్నా ఆ రేవు చలికాలంలో గడ్డకట్టదు. దక్షిణం నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం ఆ తీరాన్ని కాపాడుతుంది. చేపల ఊరుగా అది బతికిందంటే ఆ వెచ్చదనమే కారణం.

మొదటి పది నిమిషాలూ నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు, నిజం చెబుతున్నాను. బట్టల కొట్లు, కాఫీ కొట్లు, ఐస్‌క్రీమ్. యూరప్‌లో ఏ బజారైనా కింద అంతస్తు ఒకేలా ఉంటుంది. అప్పుడు మా ఆవిడ, "ఏవండీ, పైకి చూడండి" అంది.

పైకి చూశాను. కొట్టు బోర్డుల పైన అసలు ఊరు ఉంది. ఒక ఇంటి మూలకి బురుజు, దాని మీద ఉల్లిపాయలాంటి గోపురం. పక్క ఇంటి నుదుటన రాతిలో చెక్కిన తీగ, దాని మధ్యలోంచి తొంగి చూస్తున్న మనిషి ముఖం. ఇంకో గుమ్మం మీద వైకింగ్‌ల, అంటే పాతకాలపు నార్వే వైపు సముద్ర యోధుల, ఓడల ముందు కొనకి ఉండే డ్రాగన్ తలల్లాంటివి. ఒక కిటికీ పైన కమాను ఉంటే పక్క కిటికీ పైన తాళంచెవి కన్నం ఆకారం. ఒక ఇల్లు లేత పసుపు, ఒకటి గులాబి, ఒకటి పాచి రంగు. ఏ రెండిళ్ళూ ఒకటి కావు, కానీ అన్నీ ఒక ఇంటివాళ్ళలా ఉన్నాయి. అంతలా ఒకే కాలంలో పుట్టిన ఊరు నేను ఎప్పుడూ చూడలేదు. ఊరంటే పాత మేడ, పక్కన పెంకుటిల్లు, దాని పక్కన మొన్న కట్టిన అపార్ట్‌మెంటు కదా. ఇక్కడ వీధి వీధంతా ఒకే ఈడు.

కారణం 1904 జనవరి 23. తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో ఊరికి పడమటి వైపున్న ఒక చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నిప్పు అంటుకుంది. ఆ రాత్రి నైరుతి నుంచి తుఫాను గాలి. ఊరంతా చెక్క ఇళ్ళు, ఇరుకు సందులు. ఎండాకాలంలో మన తాటాకు పాకల పేటల్లో ఒక పాక అంటుకుంటే గాలికి నిప్పు కప్పుల మీద నుంచి ఎలా దూకుతుందో నేను డ్యూటీలో చూశాను. నష్టం లెక్కలు రాయడానికి వెళ్ళి, కాలిన బియ్యం వాసన మధ్య నిలబడి రాశాను. అక్కడ పాకలు కాదు, రెండు మూడంతస్తుల చెక్క మేడలు. సుమారు 850 ఇళ్ళు పోయాయి. మధ్యాహ్నం దాటేసరికి ఊరు నడిభాగం లేదు. పది వేల మంది, అంటే ఊళ్ళో ఎక్కువ మంది, జనవరి చలిలో రోడ్డు మీద పడ్డారు. చనిపోయింది మాత్రం ఒక్కరే. 76 ఏళ్ళ ముసలావిడ. బయటికి వచ్చేసి, డబ్బు సంచీ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళిందట.

అక్కడి మ్యూజియంలో ఇది చదివి మా ఆవిడ నా వైపు చూసింది. నేను నడుముకి కట్టుకున్న పర్సు తడుముకుంటున్నాను.

ఆ మ్యూజియం గురించి చెప్పాలి. అది మ్యూజియంగా కట్టింది కాదు, మందుల షాపు. దాని పేరు హంస మందుల షాపు. వీధి పేరు కూడా మందుల షాపు వీధే. 1907లో పూర్తయింది, కట్టిన ఆర్కిటెక్టు హాగ్‌బార్త్ ష్యుట్టె-బెర్గ్. కింద షాపు, పైన షాపు యజమాని కుటుంబం ఇల్లు. బయట గోడ గరుకు రాయి, మన కొండపల్లి కోట గోడని చూసినట్టు. లోపలికి అడుగు పెడితే చెక్క. మందుల సొరుగులు వరసలు వరసలుగా అలాగే ఉన్నాయి. మేడ మీద భోజనాల గది కూడా ఆనాటిదే. బల్ల, కుర్చీ, బీరువా, తలుపు పిడి, అన్నీ ఒకే చేతి గీతలో ఉన్నాయి. తలుపు పిడి నేను పట్టుకు చూశాను. అరచేతిలో సరిగ్గా కూర్చునే వంపు. దాన్ని ఎవడో కూర్చుని గీశాడు. ఊరు తగలబడి, జనం బంధువుల ఇళ్ళలో తలదాచుకుంటున్న రోజుల్లో తలుపు పిడి వంపు గురించి ఆలోచించాడు!

నా వృత్తిలో నాకు నచ్చని మాట ఒకటుంది, "అర్జెంటు". అర్జెంటు అని చెప్పి అడ్డదిడ్డంగా చేసిన పని ఎంత చూశానో. ఆ ఊళ్ళో కూడా అర్జెంటే. అయినా ఏం చేశారో చూడండి. ముందు చెక్కతో కట్టకూడదన్నారు, ఊరి మధ్యలో ఇటుక, రాయే వాడాలి. తర్వాత పాత సందులు వదిలేసి వీధుల ప్లాను కొత్తగా గీసి, వెడల్పు చేశారు. ఇళ్ళే మిగలనప్పుడు రోడ్డు వెడల్పుకి అడ్డొచ్చేవాడు ఉండడు అనుకుంటాం. ఇల్లు పోయినా స్థలం హద్దు మీద మనిషికి మమకారం పోదు, అది నాకు తెలుసు. ఆ హద్దుల తగవులు ఎలా తీర్చారో చెప్పే ఫైలు ఒక్కటి నాకు దొరికితే ఓడ వదిలేసుకునేవాణ్ణి.

ఇంతమంది ఆర్కిటెక్టులు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఇంకో కథ. రాజధాని, అంటే ఇప్పటి ఓస్లోలో, 1899లో రియల్ ఎస్టేట్ కుప్పకూలింది. మేస్త్రీలు, ఆర్కిటెక్టులు పని లేక కూర్చున్నారు. ఇక్కడ ఊరు కాలగానే వాళ్ళందరికీ పని దొరికింది. సుమారు 50 మంది ఆర్కిటెక్టులు వచ్చి కట్టారు, చాలామంది కుర్రాళ్ళే. నార్వేలో అప్పటికి ఈ చదువు చెప్పే ఉన్నత విద్యాసంస్థ లేదు కాబట్టి వీళ్ళలో ఎక్కువమంది జర్మనీలో చదివొచ్చినవాళ్ళు. జర్మనీలో అప్పుడు నడుస్తున్న ఫ్యాషను యూగెండ్ శైలి. యూగెండ్ అంటే యౌవనం. మ్యూనిక్‌లో 1896లో మొదలైన ఒక పత్రిక పేరు అది, దాని మీదుగానే శైలికి ఆ పేరు వచ్చింది. ఆ తీగల్నీ వంపుల్నీ తెచ్చి, వాటిలో తమ వైకింగ్ డ్రాగన్లని కలిపేశారు. ఎందుకు కలిపారంటే సరిగ్గా ఆ మధ్యలోనే, 1905లో, నార్వే స్వీడన్ నుంచి విడిపోయి సొంత రాజ్యమైంది. మేం ఎవరం అని చెప్పుకోవాలన్న ఉబలాటం గోడల మీద కనిపిస్తుంది.

జర్మనీ మాట వచ్చింది కాబట్టి కైజర్ సంగతి. జర్మనీ చక్రవర్తి రెండో విల్హెల్మ్‌కి ఆ తీరం అంటే ప్రాణం. వేసవి వస్తే అక్కడికే ఓడలో వచ్చేవాడు. ఊరు కాలిందని తెలియగానే ఓడల నిండా తిండి, దుప్పట్లు, మందులు, తాత్కాలిక షెడ్లకి సామాను పంపించాడు. ఊరివాళ్ళు ఒక వీధికి ఆయన పేరు పెట్టారు, పార్కులో రాయి నిలబెట్టారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో అదే జర్మనీ నార్వేని ఆక్రమించింది. అప్పుడు ఈ ఊరివాళ్ళు చేపల పడవల్లో మనుషుల్ని దొంగచాటుగా బ్రిటన్ వైపు దాటించారు, ఎంతగా అంటే ఈ ఊరికి "చిన్న లండన్" అన్న పేరొచ్చింది. అయినా కైజర్ వీధి కైజర్ వీధిగానే ఉంది. పేరు మార్చలేదు. మన దగ్గర ఎన్ని బోర్డులు మారుస్తామో మీకు తెలుసు కదా, నేను చెప్పను.

మ్యూజియం దాటితే బ్రోసుండెట్. ఊరి మధ్యలోంచి పోయే సముద్రపు పాయ. రెండు వైపులా గోదాములు నీళ్ళలోంచే లేచినట్టుంటాయి. ఒకప్పుడు చేపల పడవ నేరుగా గోదాము గుమ్మం దగ్గరికి వచ్చి ఆగేది. ఇప్పుడు ఎక్కువగా హోటళ్ళు. పాయ చివర రేవు గట్టు మీద పొట్టిగా ఎర్ర లైట్‌హౌస్ ఒకటి ఉంది, 1858 నాటిది. అది కూడా ఇప్పుడు హోటలు గదే, నంబరు 47. ఒకే ఒక్క గది! అద్దె నేను అడగలేదు. అడిగితే వాళ్ళు చెబుతారు, అదే భయం.

అక్కడ గట్టు మీద కూర్చుంటే తల మీద ఒకటే గోల. మేడల కిటికీ అంచుల మీద, ఆ అందమైన తీగల చెక్కడాల మీద, తెల్లటి సీగల్ పక్షులు గూళ్ళు పెట్టుకున్నాయి. కిట్టివేక్ అనే చిన్న రకం. సముద్రపు కొండ చరియల మీద ఉండాల్సిన పిట్టలు ఊళ్ళోకి వచ్చేశాయి. వాటికి మేడ అంటే నిలువు బండే కదా. రాతి ముఖం మీద రెట్ట కారి గడ్డంలా ఉంది. కొన్ని ఇళ్ళకి వలలు కట్టారు. మా కోతుల గొడవ గుర్తొచ్చింది, పోనీలే మాకొక్కళ్ళకే కాదు అని కాస్త ఊరట.

ఇక తిండి. ఈ ఊరు చేపల ఎగుమతితో బతికింది. కాడ్ చేపని చీల్చి, ఉప్పు పట్టించి ఎండబెడతారు. క్లిప్‌ఫిస్క్ అంటారు, బండ చేప అని అర్థం, ఒకప్పుడు సముద్రపు బండల మీద పరిచి ఎండబెట్టేవాళ్ళు కాబట్టి. పోర్చుగల్‌కీ, బ్రెజిల్‌కీ అక్కడి నుంచే ఓడలు వెళ్ళేవి. పోర్చుగీసువాళ్ళు అది లేకుండా క్రిస్మస్ చేసుకోరు. ఉప్పాడ రేవులో ఎండు చేపల వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి నేను. ఇంత దూరం వచ్చి ఉప్పు చేప తినకుండా పోతానా? చేప ఎగుమతైన దేశాల నుంచి దాని వంట తిరిగొచ్చింది. టమాటా, ఉల్లిపాయ, బంగాళాదుంప, ఆలివ్ నూనె వేసి పులుసులా చేస్తారు. బకలావ్ అంటారు. ఒక ప్లేటు 250 క్రోనర్ల పైమాటే. మన లెక్కలో రెండు వేలు దాటింది. ఇద్దరం ఒక ప్లేటే చెప్పి రెండు చెంచాలు అడిగాం. అడగడానికి నాకు సిగ్గేసింది, మా ఆవిడకి వెయ్యలేదు.

చేప ముక్క పొరలు పొరలుగా విడిపోతోంది. ఉప్పు ఉంది, కానీ మన ఉప్పు చేపలా నాలుక మీద కొట్టదు. రాత్రంతా నీళ్ళు మార్చి మార్చి నానబెడతారట. కారం ఉంది, చిన్న పిల్లల కారం. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న డబ్బా తీసి రెండు చిటికెలు చల్లింది. అప్పుడు కూర అయింది. వడ్డించిన అమ్మాయి అది ఏమిటని అడిగింది. "గుంటూరు" అన్నాను. ఊరి పేరు చెబితే సరిపోయే వస్తువు అది.

వాన తగ్గింది, టైం చూసుకున్నాను. చాలా ఉంది. సరే కొండ ఎక్కుదాం అన్నాను.

కొండ పేరు అక్స్లా, కింద పార్కులోంచి 418 మెట్లు. మెట్ల మొదట్లో ఒక విగ్రహం ఉంది. పొడుగాటి మనిషి, గడ్డం. మన గైడు బస్సులవాళ్ళు అక్కడ ఆగరు, నేరుగా కొండ మీదికి తీసుకుపోతారు. ఆయన పేరు గాంగె రోల్ఫ్, అంటే నడిచే రోల్ఫ్. మనిషి ఎంత భారీ అంటే ఏ గుర్రమూ మొయ్యలేకపోయేదట, అందుకని ఎక్కడికైనా నడిచే వెళ్ళేవాడట. ఈయనే ఫ్రాన్సు వెళ్ళి 911లో నార్మండీ సంపాదించిన రోలో అని నార్వే పాత కథలు చెబుతాయి. కాదు, మావాడు అని డెన్మార్క్‌వాళ్ళు అంటారు. నార్మండీకి వెయ్యేళ్ళు నిండాయని 1911లో ఫ్రాన్సులోని రూఆన్ నగరం ఈ విగ్రహాన్ని కానుకగా పంపింది. ఇంగ్లండ్‌ని జయించిన విలియం ఈ రోలో వంశంవాడే. ఇంత చేసినవాడికి ఊళ్ళో మిగిలిన పేరు మాత్రం "నడిచేవాడు". నాకు బాగా నచ్చాడు. టికెట్టు డబ్బులు మిగుల్చుకుని నడుస్తున్న నాకు అసలైన తోడు ఆయనే అనిపించింది.

మెట్లు ఎక్కాం. మా ఆవిడ ప్రతి యాభై మెట్లకీ తిరుపతి నడకదారి గుర్తు చేసుకుంటూ గోవిందా అంటోంది. వెనక వస్తున్న ఒక జర్మన్ దంపతులకి అది ఏదో వ్యాయామం అనిపించినట్టుంది, వాళ్ళూ తల ఊపుతున్నారు. పైకి చేరాక మాట రాలేదు. ఇప్పుడు ఆ ఫొటో వెయ్యండి. ఇదిగో. ఊరంతా చేప ఆకారంలో సముద్రంలోకి ఈదుతున్నట్టు. ఈ కుడి చివర నుంచి నిప్పు బయలుదేరింది, ఇటు ఊరి మధ్యకి వచ్చింది. నిలబడి చూస్తే మొత్తం మ్యాపే. 31 ఏళ్ళు కాగితం మీద గీతలు చూశాను. ఊరే కాగితంలా పరుచుకుని కనబడటం అదే మొదటిసారి. వీధి గీసిన మనిషి ఎక్కడ తడబడ్డాడో కూడా కనిపిస్తోంది, ఇక్కడ చూడండి, ఈ వంపు దగ్గర.

నేనలా వేలు చూపిస్తూ చెబుతుంటే మా ఆవిడ కాఫీ కొట్టులోకి వెళ్ళి వచ్చింది. "ఏవండీ, లోపల గోడ గడియారం నాలుగు చూపిస్తోంది" అంది. నా చేతి గడియారం మూడు చూపిస్తోంది. నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి. కాగితం చదివాను అన్నాను కదా, చదివాను. గడియారం జరపలేదు. అలవాటు కొద్దీ పొద్దుటి నుంచీ చేతి గడియారమే చూసుకుంటున్నాను. ఫోను అడుగుదామంటే ఓడలో రోమింగ్ బిల్లు వస్తుందని ఇద్దరివీ ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నాయి, అవీ ఇంగ్లండ్ టైములోనే ఉన్నాయి.

418 మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టమని మోకాళ్ళున్న ఎవరికైనా తెలుసు. ఓడ మనకోసం ఆగదు. పాస్‌పోర్టులు ఓడలో, బట్టలు ఓడలో, నా బీపీ మాత్రలు ఓడలో. టెన్షన్‌లో మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయం వేసింది. మెట్ల చివర రోల్ఫ్ విగ్రహం దగ్గర ఒక్క క్షణం ఊపిరి కోసం ఆగాం. మా ఆవిడ ఆయన వైపు చూసి, నా వైపు చూసి, "ఈయనకి దొరక్కపోతే పోయింది గానీ, మనకైనా ఒక గుర్రం దొరికితే బాగుండేది" అంది.

ఓడ ఎక్కేసరికి నాలుగూ ఇరవై రెండు, ఓడ టైము ప్రకారం. గ్యాంగ్‌వే దగ్గర కార్డు బీప్‌మన్నాక, అక్కడే నిలబడి గడియారం గంట ముందుకి తిప్పుకున్నాను.

ఇక ఏమైనా అడగాలనుకుంటే అడగండి. వీసా గురించి అయితే మాత్రం టీ తాగాక.